తిరగబోసిన టీ

ఆ ఆదివారం వంతు సాపర్‌కాన్‌ది. ఊరి చివర కొత్తగా లేచిన కాలనీలో, ఇంకా సున్నమైనా పడని ఆమె రెండు గదుల ఇంట్లో, కుట్టు కార్ఖానా ఆడవాళ్ళంతా నేలమీద పరచిన గుడ్డ చుట్టూ మోకాలికి మోకాలు ఆనించుకుని కూర్చున్నారు. కనుమ అవతలి దక్షిణాది పల్లెల నుంచి బతుకుతెరువుకి ఉత్తరాన రాజధాని బిష్కెక్ వచ్చిపడినవాళ్ళు. వారమంతా వాళ్ళకి ఒకరు నేర్పిన మాట, ఒకరు నేర్పిన మర్యాద. ఆదివారం ఒక్కటే సొంతం. ఆ రోజు తమవైపు ఉజ్గెన్‌లో పండే ఎర్రబియ్యంతో పలావు వండాల్సిందే, దాన్ని చేత్తోనే తినాల్సిందే. నగరంలో చెంచా లేకుండా తింటే చూసేవాళ్ళు మూతి తిప్పుకుంటారు. ఇక్కడ చెంచా అడిగితే మూతి తిప్పుకుంటారు.

పళ్ళెంలో అడుగున నెయ్యోడుతున్న మెతుకులు కూడా అయిపోయాక, చేతులు తుడుచుకుంటూ అందరూ మారిపా వైపు చూశారు. ఆమె తెలియనట్టే కూర్చుంది. మారిపా కార్ఖానాలో కాలర్లు అతికే మనిషి. నలభై ఏళ్ళుంటాయి, సన్నంగా ఉంటుంది, మిషను ముందు కూర్చుంటే మాట పెగలదు. కొత్తగా చేరినవాళ్ళు మొదటి నెలంతా ఆమెని మూగదనుకుంటారు.

"ఏమ్మే, బతిమాలించుకుంటాండావా?" అంది సాపర్‌కాన్. "తిన్న పలావు అరగద్దా మాకు?"

మారిపా నిట్టూర్చి తలగుడ్డ విప్పింది. దాన్ని మళ్ళీ ఇంకో రకంగా కట్టుకుంది. అంతే, అక్కడ మారిపా లేదు. బస్సులో చిల్లర లేదని పోట్లాడే కండక్టరు ఉంది. ముడి మార్చింది, ప్రసూతి ఆసుపత్రిలో ఆవులిస్తూ పురుడు పోసే డాక్టరమ్మ ఉంది. చివరికి కనుబొమల దాకా గుడ్డ దించుకుని, కనుమ దాటి నగరానికొచ్చిన కొత్తకోడలయింది. అత్తగారింట్లో లిఫ్టుని గదనుకుని చెప్పులు బయట విప్పి ఎక్కిన కోడలు. తలుపు మూసుకున్నాక తను ఐదో అంతస్తులో, చెప్పులు కింద. సాపర్‌కాన్ గోడ పట్టుకుని నవ్వింది. అందరికీ తెలుసు, ఆ చెప్పులు మారిపావే. ఒకామె చెప్పులు బజారులో పోయాయి, ఇంకొకామెవి ఆసుపత్రిలో. తమ మీద తాము నవ్వుకునే ఆ కాసేపటి కోసమే వాళ్ళు వారమంతా మిషన్లు తొక్కేవాళ్ళు.

ఎవరు ఫోనులో పట్టారో ఏమో, ఆ కోడలు వేషం సోమవారానికి కార్ఖానా యజమానురాలి దాకా వెళ్ళిపోయింది.

*

బురుల్‌ అనే ఆ యజమానురాలి అద్దాల గది కార్ఖానాకి ఒక మూలన ఉండేది. అక్కడ కూర్చుంటే అన్ని వరసలూ కనిపిస్తాయి. ఆమెకి యాభై దాటాయి. నిటారుగా నడుస్తుంది, దుస్తుల మీద ఒక్క దారప్పోగు ఉండదు, మాట నగరంలో పుట్టి పెరిగినట్టు తేటగా ఉంటుంది. కొనుగోలుదార్లు వచ్చినప్పుడు కొండ అవతలి యాస వినిపించకూడదన్నది ఆమె పెట్టిన నియమం. ఆ నియమాన్ని నిలబెట్టడానికి ఆమె ఏనాడూ గొంతు పెంచలేదు. యాస వినబడగానే తల తిప్పి చూసేది. ఆ చూపు చాలు.

మారిపా భయపడుతూనే లోపలికెళ్ళింది. తిడుతుందనుకుంటే కూర్చోమంది. టీ కూడా పోసింది. చిక్కటి నల్ల టీ, పైన పాలు, గిన్నె అంచుదాకా. మారిపా ఆ గిన్నె వంక చూసి లోపల కుచించుకుపోయింది. వాళ్ళవైపు టీ ఎప్పుడూ గిన్నె అడుగున కొంచెమే పోస్తారు. కొంచెం పోస్తే మళ్ళీ పోయాలి, మళ్ళీ పోయాలంటే మనిషి కూర్చోవాలి. గిన్నె నిండా పోశారంటే తాగి వెళ్ళిరమ్మని. నగరంవాళ్ళకి అలాంటి లెక్క లేదని తెలిసినా, నిండు గిన్నె చూస్తే ఆమెకి ఎన్నేళ్ళయినా లేచిపోవాలనిపిస్తుంది.

"నీలో ఇంత ఉందని నాకు తెలీదే," అంది బురుల్. "మా అత్తగారు ఫోనులో చూసి ఎంత నవ్వారో. శనివారం ఆవిడకి ఎనభయ్యో పుట్టినరోజు, హోటల్లో భోజనాలు. నువ్వొచ్చి ఆ కోడలు వేషం వెయ్యాలి. మీ చారల పట్టు గౌను వేసుకో. యాస ఇంకాస్త దట్టించు. చేత్తో తినడం చూపించు. ఆ లిఫ్టు ముక్క మాత్రం వదలకు."

ఆ మాటలంటున్నప్పుడు ఆమె మారిపా వంక చూడలేదు. బల్లమీది సుద్దముక్కని అటూ ఇటూ జరుపుతోంది. మీ వరసవాళ్ళందరినీ కూడా పిలిచానంది. చలికాలంలో ఆర్డర్లు పలచబడతాయని, ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో తేల్చుకోవడం తనకీ కష్టమేనని, ఆ విషయానికీ ఈ విషయానికీ సంబంధం లేనట్టే చెప్పింది. మారిపా వేడి టీ గబగబా తాగేసి నోరు కాల్చుకుని బయటికొచ్చింది.

మధ్యాహ్నం రొట్టె విరుచుకుంటూ ఆ సంగతి చెప్పేసరికి సాపర్‌కాన్ ముక్క కింద పెట్టేసింది. ఆమె కాజాలు కుడుతుంది. చేతికంటే నోరు పదును.

"మన నవ్వు మనింట్లో నవ్వుకుంటే సరదా," అంది. "వాళ్ళ బల్లల ముందర నవ్వించినావంటే, అదేమైతాదో నువ్వే చెప్పు. నా చెప్పులు గూడా అమ్ముకోనొస్తావా శనివారం?"

"పనిలోంచి తీసేస్తే?"

"తీసేస్తే ఇంగో కార్ఖానా. ఇట్ల జేస్తే మాత్రం ఇంగ మా పలావు కాడికి రాబాకు, మారిపా. చెప్తాండా."

ఆ మాట మారిపాకి పని పోవడంకంటే పెద్దదెబ్బ. ఈ నగరంలో ఆమెకి ఆ గుడ్డ చుట్టూ చోటు తప్ప వేరే ఊరు లేదు. రొట్టె పక్కకి నెట్టేసింది. అప్పుడు ఎవరన్నారో, పోనీ కోడల్ని కాకుండా యజమానురాలినే చేసి చూపిస్తే ఎలా ఉంటుందని. సాపర్‌కాన్ కళ్ళు మెరిశాయి. అందరి ముందూ, అత్తగారి ముందూ, బురుల్‌నే. పని పోతే పోనీ, పదేళ్ళు చెప్పుకుని నవ్వుకోవచ్చు. మారిపా సరే చేస్తానంది. అలా అన్నాక ఆకలేసింది.

*

ఒక మనిషిని దించాలంటే మారిపా పాదాల దగ్గర మొదలుపెడుతుంది. ముఖం అందరూ చూస్తారు, ముఖానికి అబద్ధం అలవాటవుతుంది. పాదాలని ఎవరూ చూడరు గనక అవి ఉన్నట్టే ఉంటాయి. మంగళవారం నుంచి ఆమె కాలర్లు అతుకుతూనే బురుల్‌ని చూడసాగింది. కాలరు మొన దగ్గర మిషను ఆపి, సూదిని గుడ్డలోనే ఉంచి, గుడ్డని అదిమే మిషను పాదం ఎత్తి, గుడ్డ తిప్పి మళ్ళీ పాదం దించే ఆ క్షణంలో తలెత్తి ఒక చూపు. మళ్ళీ మొన, మళ్ళీ చూపు.

ఇస్త్రీ బల్ల దగ్గర బురుల్ ఎడమకాలి మీద బరువు వేసి నిలబడుతుంది. కాలరుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అస్తరు ముడత పడిందేమోనని బొటనవేలితో మొన తడిమి చూస్తుంది. తప్పు కనిపిస్తే ఏమీ అనదు, కాలరుని తిరగేసి బల్లమీద పెట్టి వెళ్ళిపోతుంది. ఇవన్నీ మారిపా ఇంటికెళ్ళి కిటికీ అద్దం ముందు చేసుకుంది. బాగానే వచ్చాయి. కాని మనిషి రాలేదు. ఎక్కడో ఒక ముడి దొరకడంలేదు.

గురువారం మధ్యాహ్నం ఆ ముడి దొరికింది. అందరూ తిండికి కిందికెళ్ళారు. మారిపా మరిచిపోయిన తలగుడ్డ కోసం పైకొచ్చింది. మిషన్లు ఆగి ఉన్నాయి. అద్దాల గదిలో బురుల్ ఒక్కతే, వరసలకి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది. గోడకున్న అద్దంలో ఆమె చేతులు కనిపిస్తున్నాయి.

బురుల్ అలమారా అడుగునుంచి, గుడ్డ తానుల వెనకనుంచి ఒక టీ కుండ తీసింది. నీలం మీద తెల్లటి పత్తికాయలు వేసిన పింగాణీ కుండ. కనుమ అవతల ఆ కుండ లేని ఇల్లుండదు. అందులో గ్రీన్ టీ ఆకు వేసి, మరిగిన నీళ్ళు పోసి, చిన్న గిన్నెలోకి వంచింది. వంచిన టీని తిరిగి కుండలోకి పోసింది. మళ్ళీ వంచి, మళ్ళీ పోసింది. మూడోసారి పోసి, కుండ మూత మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది.

అలా మూడుసార్లు తిరగబోస్తేగాని టీకి ప్రాణం రాదని మారిపావాళ్ళ అమ్మ అనేది. ఉత్తరాదివాళ్ళకి ఆ పద్ధతే తెలీదు. నగరంలో పుట్టినవాళ్ళు చూస్తే ఈ పిచ్చిపని దేనికంటారు. అది బడిలో నేర్పరు, చూసి నేర్చుకుంటే అంత మెత్తగా రాదు. బురుల్ చిటికెనవేలు కుండ మూత మీద ఆనిన తీరు కూడా మారిపాకి తెలుసు. అది తమ ఓష్ వైపు పల్లెల్లో పెద్ద కూతుళ్ళకి, చిన్నప్పుడే పొయ్యి దగ్గర పని అప్పజెప్పిన పిల్లలకి వచ్చే అలవాటు.

మారిపా తలగుడ్డ తీసుకోకుండానే మెట్లు దిగిపోయింది. నవ్వొస్తోంది. మన యాస వింటే తల తిప్పి చూసే మహాతల్లి మనూరిదే! దొరికావు, దొంగదానా, అనుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో ఖాళీ కుండతో ఒక్కసారి చేసి చూసుకుంటే చాలు, బురుల్ మొత్తం దిగొచ్చింది. నడుము, భుజాలు, మూసుకున్న కళ్ళు. ఇంత బాగా ఎవరూ ఆమె చేతికి ఎప్పుడూ రాలేదు. శనివారం ఇది చేస్తే హాల్లో మాట చెప్పక్కర్లేదు, తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది. సాపర్‌కాన్‌తో ఫోనులో మాట్లాడింది గాని, ఎందుకో ఇది మాత్రం చెప్పలేదు.

*

శుక్రవారం బురుల్ అత్తగారు కాలిచ కొలతకి వచ్చింది. పుట్టినరోజుకని ముఖమల్ గౌను కుడుతున్నారు. అంచు మడవడానికి మారిపాని పిలిచారు. ముసలావిడ స్టూలు మీద నిలబడింది. మారిపా మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, సుద్దతో గీత గీస్తూ చుట్టూ జరుగుతోంది.

"నువ్వేనా ఆ కోడలివి?" అంది కాలిచ సంబరంగా. "నాకు పొట్ట నొప్పొచ్చింది నవ్వి నవ్వి."

నోట్లో సూదులున్నాయి గనక మారిపా తలాడించింది. ముసలావిడ మంచి ఊపులో ఉంది. వంగి, రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించింది.

"మా కోడలూ వచ్చిన కొత్తలో అచ్చం అలాగే మాట్లాడేది, తెలుసా? ఎవరికీ చెప్పకు, దానికి కోపం. నేనే బాగుచేశాను. ఒక్క చలికాలంలో. యాసలో మాట్లాడితే పలికేదాన్నే కాదు. ఇక ఆ టీ! గడ్డి నీళ్ళలా ఉంటుంది, దాన్నేమో పోసి మళ్ళీ పోసి, పోసి మళ్ళీ పోసి... వాళ్ళమ్మ ఇచ్చిన కుండట, ఎత్తి కిటికీలోంచి పారేశాను. రెండ్రోజులు ఏడ్చింది. ఇప్పుడు చూడు, దాని మాటలో తప్పు పట్టగలవా ఎవరైనా?"

ఆవిడ మాటలో కుళ్ళు లేదు. వంకర మొక్కకి కర్ర కట్టి నిలబెట్టినదాని గర్వం ఉంది. అదే మారిపాకి మరీ కష్టంగా తోచింది. కుళ్ళయితే తిట్టుకోవచ్చు.

ఇస్త్రీ బల్ల అవతల బురుల్ నిలబడి ఉంది. విన్నదో లేదో తెలీదు. కాలరుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, బొటనవేలితో మొన తడుముతోంది, తడిమిన మొననే మళ్ళీ తడుముతోంది. మారిపాకి ఒక సంగతి గుర్తొచ్చింది. శనివారం వేషంలో ఏమేం పెట్టాలో చెప్పినప్పుడు బురుల్ గౌను చెప్పింది, యాస చెప్పింది, చేత్తో తినడం చెప్పింది. టీ మాట ఎత్తలేదు.

ఆ రాత్రి వంటింట్లో మారిపా కుండ తీసి మళ్ళీ చేసి చూసుకోబోయింది. చెయ్యి లేవలేదు. పెళ్ళయిన కొత్తలో చెప్పులు కింద వదిలి పైకెళ్ళింది తను, దాన్ని నవ్వుగా మార్చుకోవడానికి ఆమెకి పదేళ్ళు పట్టింది, చుట్టూ నవ్వేవాళ్ళుంటేగాని ఆ పని జరగలేదు. బురుల్‌కి ఆ గుడ్డ చుట్టూ చోటేది? ఇన్నేళ్ళుగా గోడవైపు తిరిగి ఒక్కతే తాగుతోంది. ఆమె మీద జాలిపడటం మారిపాకి ఇష్టంలేదు. అయినా జాలేసింది.

*

శనివారం మధ్యాహ్నం హోటల్ హాలు నిండిపోయింది. మధ్య బల్ల దగ్గర కాలిచ ముఖమల్ గౌనులో రాణిలా కూర్చుంది. పక్కన కొడుకు, ఆ పక్కన బురుల్, చుట్టూ బంధుబలగం. కార్ఖానా ఆడవాళ్ళకి వంటగది తలుపు దగ్గర బల్ల వేశారు. సాపర్‌కాన్ కొత్త తలగుడ్డ కట్టుకుని, చేతులు కట్టుకుని, ముందు వరసలో సినిమాకొచ్చినట్టు కూర్చుంది.

వేడుక నడిపించే యువకుడు మైకు పట్టుకుని, మన ఎండల దక్షిణం నుంచి ఒక కోడలుపిల్ల వచ్చిందని ప్రకటించాడు. అప్పటికే నవ్వులు మొదలయ్యాయి. మారిపా చారల గౌనులో, కనుబొమల దాకా గుడ్డ దించుకుని మధ్యలోకి వచ్చింది. చేతిలో ఒక పళ్ళెంలో కుండ, గిన్నె. హోటల్‌వాళ్ళవే, తెల్లవి. వాటితో బురుల్‌ని దించాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

లిఫ్టు ముక్క చేసింది. హాలు విరగబడి నవ్వింది. ఆదివారం నవ్వూ ఈ నవ్వూ ఒకటి కావని మొదటి విడతకే తెలిసిపోయింది ఆమెకి. అక్కడ ఆమెతోపాటు నవ్వారు. సాపర్‌కాన్ నవ్వలేదు, కళ్ళతోనే అడుగుతోంది, ఇంగెప్పుడే అని.

"టీ చూపించమ్మాయ్!" అంది కాలిచ తన చోటునుంచే, చిన్నపిల్లలా చప్పట్లు కొడుతూ. "పోసి మళ్ళీ పోస్తారే, అది చూపించు!"

మైకు కుర్రాడు అందుకున్నాడు. టీ, టీ, అంటూ బల్లలన్నీ తాళం వేశాయి. మారిపా కుండ ఎత్తింది. గిన్నెలోకి వంచింది. చిటికెనవేలు తనంతట తానే మూత మీద ఆనింది. ఇక ఒక్క కదలిక. భుజాలు కాస్త వెనక్కి లాగి, ఎడమకాలి మీద బరువు వేసి, కళ్ళు మూసుకుంటే చాలు. ఆమె బురుల్ వైపు చూసింది. బురుల్ ఆమె ముఖం చూడటంలేదు. కుండ మీది చిటికెనవేలు వంక చూస్తోంది. ఆమె పెదవుల్లో రంగు లేదు.

మారిపా వేలు తీసేసింది. గిన్నె పళ్ళెంలో పెట్టింది. తలగుడ్డ వెనక్కి నెట్టి, వేషం లేని తన గొంతుతోనే చెప్పింది.

"చల్లారిపోయిందమ్మా. చల్లారిన టీ మావైపు ఎవరికీ పొయ్యరు."

వంగి దండం పెట్టి వచ్చేసింది. కొందరు ఇంకా ఏదో ఉందనుకుని ఎదురుచూశారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టి ఆపేశారు. మైకు కుర్రాడు తడబడి పాట పెట్టించాడు. కాలిచ కొడుకుతో, ఫోనులోనే బాగుందని అనడం వంటగది దాకా వినిపించింది.

సాపర్‌కాన్ పక్కకి జరిగి చోటిచ్చింది గాని ఆమె వైపు ముఖం తిప్పలేదు.

"వాళ్ళనీ నవ్వించకపోతివి, మమ్మల్నీ నవ్వించకపోతివి," అంది. "రెంటికీ చెడ్డ రేవడివైతివి గదే."

మారిపాకి చెప్పాలనే ఉంది. చెప్పాల్సినదంతా ఇంకొకరిది. సోమవారం పనుండదు, ఆదివారం పలావుండదు అనుకుంది. ఏడుపు రాకుండా ఉండటానికి బల్లమీది రొట్టెముక్కలు ఏరి ఒకచోట పెట్టసాగింది.

పాట సగంలో ఉండగా వంటగది తలుపు తెరుచుకుంది. బురుల్ వచ్చింది. ఎప్పుడు లేచి వెళ్ళిందో ఎవరూ చూడలేదు. చేతిలో ఆవిరి కక్కుతున్న కుండ, ఇంకో చేతిలో చిన్న గిన్నెల దొంతర. వడ్డించేవాడు అందుకోబోతే భుజంతో పక్కకి నెట్టి, ఆడవాళ్ళ బల్ల దగ్గర నిలబడింది. పాలు లేవు. పచ్చటీ ఆకు వాసన బల్ల మీదికి వచ్చింది.

ఆమె గిన్నెలోకి వంచింది, తిరిగి కుండలోకి పోసింది. బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. రెండోసారి వంచింది. పక్క బల్లవాళ్ళు తలలు తిప్పారు, ఇంకో బల్లవాళ్ళు తిప్పారు. పాట నడుస్తూనే ఉంది, ఎవరూ వినడంలేదు.

"బురుల్!" అంది కాలిచ మధ్య బల్ల నుంచి.

బురుల్ తిరగలేదు. మూడోసారి వంచి, చివరి చుక్కదాకా కుండలోకి పోసి, చిటికెనవేలు మూత మీద ఆనించి కాసేపు అలాగే ఉంది. కళ్ళు మాత్రం మూసుకోలేదు.

"వస్తాండా అత్తా," అంది అప్పుడు. "మనోళ్ళకి టీ పోసి వస్తా."

సాపర్‌కాన్ కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఆమె బురుల్ వంక, మారిపా వంక, మళ్ళీ కుండ మీది వేలు వంక చూసింది. తర్వాత మెల్లగా జరిగి, మారిపాకీ తనకీ మధ్య ఇంకొకరు కూర్చునేంత చోటు చేసింది.

బురుల్ మొదటి గిన్నె మారిపాకి ఇచ్చింది. కుడిచేత్తో ఇస్తూ ఎడమచెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

"తాగమ్మే," అంది. "ఇది వేడిగా ఉండాది."

మారిపా గిన్నెలోకి చూసింది. టీ అడుగున కొంచెమే ఉంది, రెండు గుక్కలకి కూడా రాదు. ఆమె నెమ్మదిగా తాగి, ఖాళీ గిన్నె మళ్ళీ ముందుకి చాపింది.

"ఇంగ కొంచెం పొయ్యక్కా," అంది.